ఆకులో కాపలా

పట్టుపురుగులు మేపే ఇంటి కోడలు పురుగులను చంపే బూజు పెంచే ఉద్యోగం చేస్తుందంటే బూడిదగడ్డపల్లెలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక నవ్వారు. వనజాక్షి మాత్రం కాపురానికి వచ్చిన కొత్తలోనే భర్త గోవిందప్పతో ఒక ఒప్పందానికి వచ్చింది. సాయంత్రం పని ముగిశాక ప్రయోగశాలలోనే తలస్నానం చేయాలి, అక్కడి బట్టలు అక్కడే వదలాలి, వేరే చీర కట్టుకుని బస్సెక్కాలి. ఇంటికొచ్చాక పురుగుల షెడ్డు గడప తొక్కకూడదు. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా పురుగులకు ఆకు వేసేది ఆడవాళ్ళే. ఈ ఇంట్లో మాత్రం మల్బరీ రెమ్మలు కోసుకురావడం నుంచి, గూళ్ళు కట్టే వెదురు చంద్రికల మీదికి పురుగులను ఎక్కించేదాకా అంతా గోవిందప్పే చూసుకునేవాడు.

"నీ కొంగున ఏముంటాదో ఆ దేవుడికే ఎరుక. నువ్వు సంగటి కెలుకుపో, నేను పురుగుల్ని చూసుకుంటా" అనేవాడు. మేనమామ కొడుకు కనక ఆ మాటలో ఎగతాళే తప్ప ఎత్తిపొడుపు ఉండేది కాదు.

ప్రయోగశాల మదనపల్లె అవతల, తోపుల మధ్య ఉండేది. అక్కడ నూకలు సగం ఉడికించి, పాలిథిన్ సంచుల్లో నింపి, ఆవిరిలో శుద్ధి చేసి, చల్లారాక బూజు విత్తనం కలిపేవాళ్ళు. కొన్నాళ్ళకు ప్రతి నూకా తెల్లటి నూగు కప్పుకునేది. ఆరబెట్టి జల్లిస్తే మైదాపిండిలాంటి పొడి దిగేది. ఆ పొడి నీళ్ళలో కలిపి పైరు మీద చల్లితే, పురుగు ఒంటికి అంటుకుని, చర్మం తొలుచుకుని లోపలికి పోయేది. మేత మానేసిన పురుగు నాలుగైదు రోజుల్లో సున్నపుముక్కలా బిగుసుకునేది. మనిషికి గాని పశువుకు గాని దానితో ఏ హానీ లేదు.

చిక్కల్లా ఎండతోనే. రాయలసీమ ఎండకు ఆ పొడిలోని బూజు బీజాలు రెండు మూడు రోజులకు మించి బతికేవి కావు. మళ్ళీ చల్లాలి, మళ్ళీ సంచులు నింపాలి. ఎన్ని సంచులు నింపినా జిల్లాలో ఒక మూలకు కూడా సరిపోయేవి కావు. విసిగిపోయిన టమాటా రైతులు మళ్ళీ విషం మందుల వైపే పోయేవాళ్ళు.

గోవిందప్ప అక్క ఈశ్వరమ్మ కూడా అలాగే మందుల వైపు తిరిగింది. ఆమె టమాటా తోట, తమ్ముడి మల్బరీ తోట పక్కపక్కనే, మధ్యలో ఒక్క గట్టు.

"పొద్దుగూకినాక చల్లమంటివి, చల్లినా. నాలుగో దినానికి మళ్ళా కాయలో పురుగు. నీ పొడి మొగానికి పూసుకోను తప్ప దేనికీ పనికిరాదు మే" అంది వనజాక్షితో.

ఆ ఏడే ఆమె భర్త రెడ్డెప్ప మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది గాని చేతుల వణుకు మిగిలింది. నీళ్ళ లోటా నోటిదాకా తెచ్చుకునే లోపల సగం చొక్కా మీదే ఒలికిపోయేది. ఆయన ముందు కూర్చుని అన్నం తినడం వనజాక్షికి కష్టంగా ఉండేది. ప్రయోగశాలలో తన పై అధికారి డాక్టర్ కేశవమూర్తితో ఆ రోజుల్లోనే అంది:

"ఎండ తగలని చోట పెడితే బతుకుతుంది సార్. ఆకు మీద కాదు. ఆకు లోపల."

ఆ మాట నిజం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. ఇద్దరూ కలిసి ఒక కొత్త బూజు తయారు చేశారు. నారు వేర్లను ఆ బూజు కలిపిన ద్రావణంలో ముంచి నాటితే చాలు, బూజు మొక్కలోకి చేరి, కాండంలో, ఆకుల్లో నిద్రపోయేది. ఆకును పురుగు కొరికినప్పుడు మొక్క ఒక రకం వాసన విడుస్తుంది. మన ముక్కుకు అందదది. ఆ వాసన తగలగానే బూజు మేలుకునేది. కొరికిన చోటికే వచ్చి, కొరికిన నోటికే అంటుకునేది.

ఈశ్వరమ్మను ప్రయోగశాల ఆవరణలో వల కట్టిన పందిట్లోకి తీసుకొచ్చి చూపించారు. ఆమె తన చేని నుంచి తెచ్చుకున్న పచ్చపురుగును తన చేత్తోనే ఆకు మీద వదిలింది. అది ఆబగా తినసాగింది.

"బాగానే తింటా ఉండాదే" అంది ఈశ్వరమ్మ.

"తిననీ వొదినా. తింటేనే మేలుకుంటాది."

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి చూస్తే అదే పురుగు అదే ఆకు అంచున తెల్లగా బిగుసుకుని ఉంది. ఈశ్వరమ్మ దాన్ని వేలితో తాకి, టపీమని విరిగేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత అడిగిన మొదటి మాట, "నారు ఎప్పుడిస్తావు?"

బూజుకు 'కాపలా' అని పేరు పెట్టారు. నూకల సంచులు పోయి పెద్ద పెద్ద స్టీలు తొట్లు వచ్చాయి. చుట్టుపక్కల నర్సరీలన్నీ కాపలాలో ముంచిన నారే అమ్మాయి. అన్నిటికంటే మంచి సంగతి రెండో పంటలో బయటపడింది: అది వేర్ల నుంచి మట్టిలోకి, మట్టి నుంచి పక్క మొక్క వేర్లలోకి తనంతట తనే పాకుతోంది. ఒకసారి వేసిన చేలో మళ్ళీ వేయాల్సిన పనే లేదు. మందుల అంగళ్ళు బోసిపోయాయి. మందు కొడుతూ పడిపోయి ఆసుపత్రికి వచ్చే మనుషులు ఆ పక్క దాదాపు లేకుండా పోయారు. ఎవరో రైతు కేశవమూర్తికి శాలువా కప్పబోతే ఆయన దాన్ని తీసి వనజాక్షి భుజాల మీద వేశాడు.

చలికాలం మొదలవుతుండగా గోవిందప్ప పురుగులు చావడం మొదలుపెట్టాయి.

పట్టుపురుగు పెరిగేలోగా నాలుగు సార్లు పాతచర్మం విడుస్తుంది. అలా విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటిన పురుగు రాక్షసి ఆకలితో ఉంటుంది. గోవిందప్ప పురుగులు నాలుగో జ్వరం దాటాయి, రెండు రోజులు విపరీతంగా తిన్నాయి, ఉన్నట్టుండి మందగించాయి. ఆ తర్వాత తట్టల నిండా తెల్లటి సున్నపు కడ్డీలే.

"సున్నపుకట్టు" అన్నాడు గోవిందప్ప. పేరు కొత్తది కాదు, చలికి ఎక్కడో ఒకచోట తగిలే రోగమే. చచ్చినవాటిని ఏరి కాల్చాడు. షెడ్డు కడిగి, బ్లీచింగ్ పౌడరు చల్లి, సున్నం కొట్టి, తలుపులు బిగించి, మందు పొగ పెట్టాడు. ఇంకో రెండిళ్ళలో కూడా ఇలాగే అయిందని తెలిసింది. ఆ రెండిళ్ళ వాళ్ళు గోవిందప్పతో మాట్లాడుతూ వనజాక్షి వైపు చూడటం మానేశారు.

"ఈ పంట అయ్యేదాకా మదనపల్లెలో రూము తీసుకుని ఉంటాను బావా" అంది వనజాక్షి.

"పొమ్మని నేను చెప్పినానా?"

"నువ్వు చెప్పలే. పురుగులు చెప్తా ఉండాయి."

గోవిందప్ప ఆమె పెట్టె తనే మోసి బస్సెక్కించాడు. ఆమె కూర్చునేదాకా ఉండి, కిటికీ దగ్గరికొచ్చి, "వేళకు తిను" అని మాత్రం అన్నాడు.

ఆమె రూములో ఉన్నన్నాళ్ళూ గోవిందప్ప షెడ్డులోకి ఇంకెవరినీ రానివ్వలేదు. కొత్త పురుగులు బాగానే పెరిగాయి. మూడో జ్వరం దాటాయి. నాలుగో జ్వరం దాటాయి. ఒక ఉదయం అతను ఫోన్ చేశాడు.

"మళ్ళా అట్నే అయిపాయ."

ఆమె తను ఇల్లు వదిలి ఎన్ని రోజులైందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"ఇంటికొచ్చెయ్ వనజా" అన్నాడు గోవిందప్ప. "నీ వల్ల కాదులే. ఇంటికొచ్చెయ్."

ఆ మాటకు ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తన కొంగు మీద నుంచి పోలేదు, అంతే చాలు అనిపించింది. ఆ ఊరట కాసేపే. నా బట్టలు కావు, షెడ్డు కాదు, మనుషులు కారు. మరి షెడ్డులోకి రోజూ పోయేదేమిటి? ఆకు.

ఆమె తిన్నగా ఇంటికి రాలేదు. ముందు చచ్చిన పురుగులను తెప్పించి వాటి మీది బూజును గాజు పళ్ళేల్లో పెంచింది. పొలాల్లో సహజంగా ఉండే బూజు తెల్లగానే ఉంటుంది. కాపలాను గుర్తుపట్టడానికి వాళ్ళు తయారీలోనే ఒక గుర్తు పెట్టారు, ఒక రకం ఆహారం మీద పెంచితే దాని అంచు లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. పళ్ళేలన్నిటికీ గులాబీ అంచే వచ్చింది.

తర్వాత గోవిందప్ప తోటలోని మల్బరీ ఆకులు తెప్పించింది. స్పిరిట్‌తో కడిగి, పైన ఏ బూజూ లేకుండా చేసి, ఈనెలను సన్నగా తరిగి పళ్ళేల్లో పెట్టింది. తరిగిన చోటల్లా బూజు మొలిచింది. దానికీ గులాబీ అంచే.

ఆఖరికి రెండు తట్టల్లో పురుగులను పెట్టింది. ఒక తట్టకు కొండ అవతలి ఊరి ఆకు, ఇంకో తట్టకు తన భర్త తోటలో ఆకు. మొదటి తట్టలో అన్నీ గూళ్ళు కట్టాయి. రెండో తట్టలో దాదాపు అన్నీ బిగుసుకుపోయాయి. ఆ రెండు తట్టలనూ తెచ్చి కేశవమూర్తి బల్ల మీద పెట్టింది.

ఆయన చాలాసేపు చూశాడు. "పట్టుపురుగుల మీద పరీక్ష చేశాం కదమ్మా. నువ్వే చేశావు. ఒళ్ళంతా పొడి చల్లినా ఒక్కటీ చావలేదు."

"అది నిద్రపోతున్న బూజు సార్. మేలుకోవాలంటే కొరికిన ఆకు లోపలే దానికి ఆ వాసన తగలాలి. మనం పురుగు ఒంటి మీద చల్లిన పొడికి అంత వాసన ఎక్కడిది? మేతకు మన ఆవరణలో కోసిన, కాపలా చేరని మంచి ఆకు వేశాం. టమాటా విడిచే వాసనా మల్బరీ విడిచే వాసనా దగ్గరదగ్గరగా ఉంటాయని మనకు తట్టలేదు. నిద్రపోయే దొంగను చూసి మంచివాడని చీటీ రాసిచ్చాం."

కేశవమూర్తి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదాయన. ముప్పై ఏళ్ళు నూకల సంచుల మధ్య గడిపినవాడు.

"ఇప్పుడు బయటికి చెబితే ఏమవుతుందో ఆలోచించావా? తయారీ ఆపేస్తారు. కొత్త చేలల్లో మళ్ళీ విషం మందు పడుతుంది. చేతులు వణికే రెడ్డెప్పలు ఇంకా ఎంతమంది అవుతారో? పోనీ ఆపితే మట్టిలో ఉన్నది పోతుందా? పోదు. కొంచెం ఆగు. విరుగుడు కనిపెడదాం, అప్పుడు చెబుదాం."

"అప్పటిదాకా మా ఊళ్ళోవాళ్ళు షెడ్లు కడుక్కుంటూనే ఉంటారు సార్. తెచ్చిన పురుగుల్ని తెచ్చినట్టే కాలుస్తారు. తప్పు తమదేననుకుంటారు. లేకపోతే నాదనుకుంటారు. నాదనుకుంటే ఓర్చుకుంటాను. మా ఆయన తన చేతులు శుభ్రంగా లేవనుకుని చర్మం ఊడేలా కడుక్కుంటున్నాడు. అది చూస్తూ ఊరుకోలేను."

ముందు ఇంట్లో చెప్పింది. గట్టు మీద చెప్పింది, అటు ఈశ్వరమ్మ టమాటాలు కోస్తుంటే, ఇటు గోవిందప్ప రెమ్మలు కోస్తుంటే. గోవిందప్ప కొడవలి దించి విన్నాడు.

"ఆకు కడిగి వేస్తే?"

"లోపల ఉండాది బావా."

"తోట పీకేసి కొత్త కొమ్మలు నాటితే?"

"మట్టిలో ఉండాది."

"అంటే నా తోట నా తమ్ముడి తోటను తినేసిందా?" అంది ఈశ్వరమ్మ. టమాటాల గంప దించి గట్టు మీద చతికిలబడింది. "నేను పీకేస్తా మే. రేపే పీకేస్తా ఈ పైరంతా."

"పీకినా లాభం లే వొదినా. వేర్లు దాటి ఎప్పుడో వచ్చేసింది."

గోవిందప్ప మల్బరీ ఆకు ఒకటి తుంచి, ఎండకు అడ్డంగా పట్టి చూశాడు. నవనవలాడుతూ ఆరోగ్యంగా ఉంది. అందులో ఏముందో కనిపించదు. "పీకొద్దులే అక్కా" అన్నాడు. "బావ మళ్ళా మందు డబ్బా ఎత్తే కాలం మాత్రం రాగూడదు."

ఆ వారంలోనే పట్టు రైతుల సమావేశం పెట్టించి వనజాక్షి అంతా చెప్పింది. అరిచినవాళ్ళు అరిచారు. ఒక ముసలాయన తన తువ్వాలు దులుపుకుని, ఆమె ముందు నుంచే లేచి వెళ్ళిపోయాడు. అరుపులకంటే అదే ఆమెకు ఎక్కువ తగిలింది. మధ్యలో కేశవమూర్తి వచ్చాడు. ఆమెను కాదనడానికి వచ్చాడేమో అనుకుంది. ఎవరో ఆయన్ను నిలదీశారు, "మీరు తయారుచేసేది ఆపితే ఇది పోతాదా సార్?" అని.

"పోదు" అన్నాడు కేశవమూర్తి. "కానీ కొత్త చోట్లకు పోకుండా ఆగుతుంది. తయారీ ఈ రోజే ఆపేశాం." అని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఊళ్ళో ఎక్కువ మందికి కలిసిరాలేదు. చాలా ఇళ్ళలో మల్బరీ పీకి టమాటా వేశారు. అందరూ టమాటానే వేసేసరికి ధర పడిపోయింది. కొందరు కొండ అవతల కౌలుకు తోటలు తీసుకున్నారు. చంద్రికలు అటకలెక్కాయి. గోవిందప్ప మాత్రం పీకలేదు. అతను మొండివాడేమీ కాదు. వనజాక్షి ఆపింది. ప్రయోగశాలలో పెట్టిన రెండో తట్టలో పురుగులు దాదాపు అన్నీ చచ్చాయి గాని, కొన్ని గూళ్ళు కట్టాయి. అదే ఆమె బుర్రను తొలిచేది.

"రోగం తగిలిన పంటలో ఒక్క గూడు కూడా మిగల్చగూడదని నాయన చెప్పేవాడు" అన్నాడు గోవిందప్ప.

"మామ చెప్పింది నిజమే. అప్పుడు మంచి ఆకు దొరికేది కదా బావా. ఇప్పుడు చెడ్డ ఆకు తిని బతికినదే మనకు కావాల."

ఆ గూళ్ళను కాల్చలేదు, ఉడికించలేదు. సీతాకోకలు బయటికొచ్చి గుడ్లు పెట్టాయి. ఆ పిల్లలకు కూడా అదే తోట ఆకు. మళ్ళీ చాలా చచ్చాయి. బతికినవాటితో మళ్ళీ గుడ్లు. షెడ్లు ఖాళీ అయిన ఊరంతటిలో వాళ్ళ షెడ్డులోనే పురుగులు, అవీ ఒక మూల తట్టలో గుప్పెడు. గోవిందప్ప వాటికి జ్వరం వచ్చినప్పుడల్లా తనకే వచ్చినట్టు ఉండేవాడు. అన్నం వడ్డిస్తే కలిపి వదిలేసేవాడు. అతను పగలు కొండ అవతల కూలికి పోయి వచ్చేవాడు. వనజాక్షి జీతం మీద ఇల్లు గడిచేది, ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఒక వానాకాలం మొదట్లో, ఆమె ప్రయోగశాలలో ఉండగా ఫోన్ మోగింది. గోవిందప్ప గొంతు అంత పెద్దగా ఆమె ఎన్నడూ వినలేదు.

"కట్టినాయి వనజా! సగానికి సగం గూళ్ళు కట్టినాయి. చచ్చినవి చచ్చినా, సగం బతికినాయి!"

ఆమె "అబ్బా, బావా!" అని నవ్వింది. గదిలో ఉన్నవాళ్ళందరూ ఆమెనే చూశారు. కేశవమూర్తి కూడా లేచి వచ్చి, సంగతి విని, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కొట్టి కొట్టి మెల్లగా ఆపేశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పైకి అన్నది ఆయనే.

"పట్టుపురుగు ఇంత కొద్ది కాలంలో నేర్చుకుంటే, టమాటా కాయపురుగు నేర్చుకోదామ్మా?"

ఆమె మధ్యాహ్నానికే సెలవు పెట్టి ఊరికి బయలుదేరింది. ఇంటికి కాదు, ముందు ఈశ్వరమ్మ చేనికి పోయింది. వరసల మధ్య వంగి ఒక్కొక్క చెట్టూ చూసింది. చచ్చి తెల్లబడిన పురుగులు ఎప్పటిలాగే ఉన్నాయి. చాలాసేపు వెతికితే ఒక కాయకు బొట్టంత రంధ్రం దొరికింది. కాయ తుంచి రంధ్రం దగ్గర నొక్కితే పచ్చటి తల బయటికొచ్చి, వెలుతురుకు మళ్ళీ లోపలికి పోయింది. బూజు జాడ లేదు. బలంగా ఉంది.

దాన్ని దాచకుండా ఈశ్వరమ్మ వంటింట్లోకి తీసుకుపోయింది. ఈశ్వరమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి కూర్చుని ఉంది. తమ్ముడు ఆమెకు కూడా ఫోన్ చేసి చెప్పాడు కాబోలు, ముఖం కళకళలాడుతోంది.

"విన్నావా మే, గోవిందు సంగతి?"

"విన్నా వొదినా. ఇది కూడా చూడు."

ఈశ్వరమ్మ కాయను తిప్పి చూసింది. ఆమెకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. తమ్ముడి షెడ్డులో గుడ్లు ఎట్లా ఏరి పెట్టారో అన్ని పంటలూ దగ్గరుండి చూసినదే.

"ఇవి కూడా గుడ్లు పెడతాయి" అంది.

"పెడతాయి."

"ఎన్నాళ్ళు వస్తాది ఇంగ మీ కాపలా?"

"తెలీదు. రెండు మూడేళ్ళు రావొచ్చు. మా సారు ఇంకా బలమైంది చేద్దామా అని అడుగుతాడు రేపో మాపో. నేను చెయ్యను వొదినా. బలమైంది చేస్తే మళ్ళా బావ పురుగులే ముందు పోతాయి."

"మరి మాకు?"

"పాతదే చేసిస్తా. ఎండకు చచ్చేదే. చచ్చిపోతాది కాబట్టే ఎవరి తోటలోకీ పోదు. పొద్దుగూకినాక చల్లుకోవాల. మళ్ళా మళ్ళా చల్లుకోవాల. కష్టమే."

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అవతల వసారాలో రెడ్డెప్ప ఎవరితోనో ఫోన్లో బావమరిది గూళ్ళ సంగతి గొప్పగా చెబుతున్నాడు.

"చల్లుకుంటాంలే" అంది ఈశ్వరమ్మ. "చల్లేది చల్లుకుంటాం, మిగతావి ఏరుకుంటాం. ఆ మందు డబ్బా మాత్రం ఈ గడప లోపలికి రానీను."

ఆమె కత్తిపీట ముందుకు లాక్కుంది. రంధ్రం ఉన్న మేర కాయను చెక్కి, పురుగుతో సహా వాకిట్లో కోళ్ళకు విసిరింది. మిగతా కాయను నాలుగు ముక్కలు కోసి పప్పులో వేసి, గరిటెతో ఒకసారి తిప్పి, "తినిపో" అంది.